పాత కంప్యూటర్లు, విండోస్ 10, లినక్స్, వాట్సాప్ గవర్నెన్స్: పలమనేరు తమ్ముడికి నా జవాబు

పలమనేరులో తహసీల్దారు ఆఫీసు దగ్గర జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ పనుల అంగడి నడిపే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "రెండు పాత సిస్టమ్‌లు ఉన్నాయి. రెండూ ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. సపోర్టు అయిపోయిందని తెర మీద మెసేజ్ వస్తూనే ఉంది. కంప్యూటర్లు అమ్మేవాళ్లేమో రెండూ తీసేసి కొత్తవి కొనమంటున్నారు. స్నేహితుడు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోమంటున్నాడు. అమెరికా వాళ్లు సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా ఆపేస్తారు, స్వదేశీకి మారండి అని వాట్సాప్‌లో తిరుగుతోంది. సర్కారు సేవలు ఫోన్లోనే ఇచ్చే వాట్సాప్ గవర్నెన్స్ వచ్చాక అంగడికి జనం కూడా తగ్గారు. ఏం చెయ్యమంటారు? రాజకీయం పక్కన పెట్టకుండా మీ అభిప్రాయం చెప్పండి."

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. రెండూ పడేయకండి, రెండు కొత్తవీ కొనకండి. ఒకదాంట్లో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కు బదులు వాడే వేగమైన డిస్క్) వేసి, లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఎక్కించండి. రెండోదాని పనికి ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న వాడిన బ్రాండెడ్ సిస్టమ్ ఒకటి కొని అందులో విండోస్ 11 పెట్టుకోండి. మిగిలిన పాతది కౌంటర్ దగ్గర స్పేర్‌గా ఉంచండి. రాజకీయం దగ్గరికి వస్తే, ఏ పార్టీ ప్రభుత్వమైనా, అమెరికా కంపెనీ అయినా, మన కంపెనీ అయినా నేను చూసేది ఒక్కటే: నీ ఫైలు, నీ అక్షరం, నీ పని ఇంకొకరి దయ మీద ఆధారపడి ఉన్నాయా, లేక నీ చేతిలో ఉన్నాయా. తిరుపతిలో చాలా ఏళ్లుగా బడులకు, ఆడిటర్ ఆఫీసులకు, లాడ్జీలకు, మీలాంటి అంగళ్లకు సిస్టమ్‌లు సర్వీసు చేస్తూ ఈ మాటకు వచ్చాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని అర్థం సిస్టమ్ ఆగిపోతుందని కాదు. వైరస్‌లు దూరే సందు ఏదైనా కొత్తగా బయటపడితే దాన్ని పూడ్చే అప్‌డేట్ ఇక మామూలుగా రాదు, అంతే. అది చిన్న విషయమని మాత్రం అనుకోకండి. మీ సిస్టమ్‌లో రోజూ వేరేవాళ్ల ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు పేపర్లు తెరుస్తారు.

మీ సిస్టమ్‌కు విండోస్ 11 ఇవ్వకపోవడానికి వేగం తక్కువని కారణం చెప్పలేరు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి మాత్రమే జాబితాలో పెట్టారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆన్ అయ్యేటప్పుడే తనిఖీ చేసే సెక్యూర్ బూట్ కూడా ఉండాలన్నారు. అర్జీ టైపు చేసి, సైటు తెరిచి, ప్రింటు తీసే పనికి ఆరో తరం ఐ3 ఇంకా కొన్నేళ్లు హాయిగా సరిపోతుంది. బాగా నడుస్తున్న యంత్రాన్ని జాబితాలో లేదన్న కారణంతో చెత్తకు పంపడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. డబ్బు దండగ ఒకటి, ఆ ఈ-వేస్ట్ చివరికి చేరేది ఏ ఊరి బయట గుంతలోకో అన్న బాధ ఇంకొకటి.

కొంతకాలం గడుపుకోవడానికి ఒక దారి ఉంది. పొడిగించిన భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మీ విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 అయ్యుండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే ఎన్‌రోల్ అన్న లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. అయితే అది ఇళ్లలో వాడే సిస్టమ్‌ల కోసం పెట్టిన పథకం. వ్యాపార సంస్థలకు మొదటి ఏడాదికి ఒక్కో సిస్టమ్‌కు 61 డాలర్లని వేరే రేటు పెట్టారు. పాత సిస్టమ్‌కు అంత కట్టే బదులు ఆ డబ్బు నేను చెప్పిన ఎనిమిదో తరం సిస్టమ్ మీద పెట్టడం మేలు. ఇంట్లో పిల్లలు వాడే సిస్టమ్ ఉంటే మాత్రం తప్పకుండా ఎన్‌రోల్ చేసుకోండి.

జాబితాలో లేని సిస్టమ్‌లో కూడా రూఫస్ లాంటి టూల్‌తో విండోస్ 11 ఎక్కించేవాళ్లు మీ ఊళ్లోనే దొరుకుతారు. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అంగడికి నేనైతే వద్దంటాను. ఇంకో మాట కాస్త గట్టిగా చెప్పాలి. పెన్‌డ్రైవ్‌లో యాక్టివేటర్ తెచ్చి విండోస్‌నీ, ఆఫీస్‌నీ క్రాక్ చేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. ఆ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు తాళాలన్నీ తీసి చేతికిచ్చి, అదే సిస్టమ్‌లో కస్టమర్ బ్యాంకు ఖాతా తెరవడం ఎంతమాత్రం న్యాయం కాదు.

ఇక హార్డ్‌వేర్. మీ సిస్టమ్ నెమ్మదిగా ఉండటానికి ముఖ్య కారణం ప్రాసెసర్ కాదు, ఆ 500 జీబీ హార్డ్ డిస్క్. దాని స్థానంలో 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి. అదే కేబుల్, అదే పవర్ పిన్ను. ఆన్ చేసి టీ తెచ్చుకునేంత సేపు పట్టే సిస్టమ్ అరనిమిషం లోపల పనికి సిద్ధమవుతుంది. పాత హార్డ్ డిస్క్ పారేయకుండా బ్యాకప్‌కు వాడొచ్చు, కానీ ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో దాని ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో 'కాషన్' అని చూపిస్తే మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ర్యామ్ 4 జీబీ సరిపోదు, 8 కావాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ కావాలని తయారీదారులు మామూలు ర్యామ్ తగ్గించి వాటికే చేస్తున్నారు. మనలాంటి వాళ్లం కొనే క్రూషియల్ బ్రాండును మూసేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి కొత్త ర్యామ్ జోలికి పోకండి. మీ బోర్డు మీద ఉన్నది డీడీఆర్3ఎల్‌నా డీడీఆర్4నా చూసుకుని, వాడిన 4 జీబీ స్టిక్ ఇంకొకటి వెతకండి. ఆరో తరం బోర్డుల్లో రెండు రకాలూ వచ్చాయి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. దొరక్కపోతే మీ రెండు సిస్టమ్‌ల స్టిక్కులూ ఒకేదాంట్లో పెట్టేసి 8 చేసుకోండి. రూపాయి ఖర్చు లేదు, కాకపోతే అప్పుడు రెండోది స్పేర్‌గా నడవదు, విడిభాగాలకే పనికొస్తుంది.

చిన్న విషయం ఒకటి, కానీ పనికొచ్చేది. ఈమధ్య చంద్రగిరి వైపు నుంచి ఒకాయన సిస్టమ్ తెచ్చి, ప్రభుత్వ సైట్లేవీ తెరుచుకోవడం లేదు, సర్వర్లన్నీ పడిపోయినట్టున్నాయి అన్నారు. బ్రౌజర్ ఎర్ర గుర్తు పెట్టి, ఈ కనెక్షన్ సురక్షితం కాదంటోంది. నేను చూసింది కింద మూలనున్న గడియారాన్ని. అందులో 2016 జనవరి 1 అని ఉంది. ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. సిస్టమ్ తేదీ ఆ గడువు బయట ఉంటే బ్రౌజర్ లోపలికి పోనివ్వదు. మదర్‌బోర్డు మీద నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. పదేళ్ల బోర్డులన్నింటికీ ఈ బ్యాటరీ వంతు వస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము తప్పుతోందంటే అదే. క్యాబినెట్ తెరిచినప్పుడే ర్యామ్ తీసి బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి, ఫ్యాన్ దుమ్ము బ్రష్‌తో దులపండి.

లినక్స్ గురించి మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. లినక్స్ మింట్ మీ సిస్టమ్‌లో చక్కగా నడుస్తుంది, ఉచితం, లైసెన్సు గొడవ లేదు. కేరళలో సర్కారు బడులు ఏళ్ల తరబడి ఉచిత లినక్స్ మీదే నడుస్తున్నాయి, కాబట్టి మన పిల్లలకు రాదు, మనకు చేతకాదు అన్న మాట నేను ఒప్పుకోను. బ్రౌజింగ్, ప్రింటింగ్, స్కానింగ్, ఫోటో సైజు తగ్గించడం, పీడీఎఫ్‌లు కలపడం అన్నీ అందులో అవుతాయి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టడానికి కూడా లినక్స్ సిస్టమే మంచిది. మీకు తెలిసే ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్లు కనిపించే వైరస్ ఇప్పటికీ మన అంగళ్లలో తిరుగుతూనే ఉంది. అది విండోస్ కోసం రాసింది. లినక్స్‌లో ఆ షార్ట్‌కట్లు నొక్కినా ఏమీ జరగదు, దాచిన అసలు ఫోల్డర్లు మీకు కనిపిస్తాయి కూడా.

కాని మిగతా సగం మీ స్నేహితుడికి తెలిసుండదు. అంగడి పనిలో కొన్ని విండోస్‌ను వదలవు. వేలిముద్ర యంత్రం ఆధార్ పనులకు నడవాలంటే కావాల్సిన ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రామ్‌ను కంపెనీలు ఇస్తాయి, అది ప్రధానంగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారవుతుంది. పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో సంతకం చేసే యుటిలిటీలు చాలావరకు విండోస్ కోసమే. ప్రింటర్ సంగతి అన్నిటికంటే ముందు చూడాలి. జిరాక్స్ అంగళ్లలో ఎక్కువగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ2900 లినక్స్‌లో బాగా సతాయిస్తుంది. దాని డ్రైవర్ పాతది, నడిచినట్టే నడిచి మధ్యలో ఆగిపోతుంది. హెచ్‌పీ 1020 పని చేస్తుంది, కానీ దానికి ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ ఎక్కాలి, అందుకు హెచ్‌పీ ప్లగిన్ విడిగా వేసుకోవాలి. ఎప్సన్ ఇంకు ట్యాంకు ప్రింటర్లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాబట్టి మొత్తం మార్చేయడానికి ముందు మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, మీ ప్రింటరు, స్కానరు పెట్టి చూడండి. హార్డ్ డిస్క్‌లో ఏమీ చెరిగిపోదు.

విండోస్ పనులకు వాడిన సిస్టమ్ అన్నాను కదా. తిరుపతి వాళ్లం మద్రాసు రిచ్చీ స్ట్రీట్‌కు పోతాం, మీకు పలమనేరు నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర. కంపెనీలు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ బోలెడు దొరుకుతాయి. అమ్మేవాళ్లు ఐ5 అని మాత్రం గట్టిగా చెబుతారు, తరం చెప్పరు. మోడల్ నంబరు అడగండి. ఐ5 8500 అంటే ఎనిమిదో తరం, ఐ5 4570 అంటే నాలుగో తరం. ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి, డిజిటల్ లైసెన్సు ఉందని రావాలి. బ్రాండెడ్‌లో అసలు లైసెన్సు సాధారణంగా బోర్డులోనే ఉంటుంది. వాటిలో వీజీఏ పోర్టు లేకపోవచ్చు, మీ పాత మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ కన్వర్టర్ అక్కడే కొనుక్కోండి. ఇంకోటి, వీటి ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) ఆ కంపెనీ సైజులోనే ఉంటుంది, పోతే మన ఊరి అంగట్లో దొరికే మామూలుది పట్టదు. అందుకే మంచి యూపీఎస్ లేకుండా నడపకండి.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయం: తెలుగు అక్షరాలు. మీ దగ్గర పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పాత తెలుగు అను ఫాంట్లు ఉంటాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, అర్జీలు అన్నీ వాటితోనే చేస్తారు. అవి మన డీటీపీ వాళ్లకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ పాత అను ఫైలు లోపల ఏముందో ఒకసారి మీరే చూడండి. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ గజిబిజిగా కనిపిస్తాయి. తెర మీద తెలుగులా కనిపించేది ఆ ఫాంటు వేసిన బొమ్మ మాత్రమే. ఫాంటు లేని సిస్టమ్‌లో ఆ అర్జీ చదవలేరు. పేరు కొట్టి వెతికితే దొరకదు. ఫోన్‌లో తెరుచుకోదు. రేపు ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవకపోతే ఇన్నేళ్ల పని అంతా పోయినట్టే. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, అది వచ్చింది 2001లో.

ప్రపంచమంతా వాడే అక్షరాల ప్రమాణం యూనికోడ్. అందులో టైపు చేసిన తెలుగుకు ఆ బాధ లేదు. అక్షరం అక్షరంగానే ఉంటుంది, ఏ ఫోన్లో తెరిచినా అదే తెలుగు. తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉంది, లినక్స్‌లోనూ ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి, నేర్చుకున్నాక చెయ్యి ఆగదు. ఫాంట్లు బాగుండవన్న మాట ఇప్పుడు చెల్లదు. పెద్దన, తిమ్మన, మల్లన్న, రామరాజ, గిడుగు, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. మన శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతోనే ఒక ఫాంటు ఉంది, పత్రికల హెడ్డింగులకు బ్రహ్మాండంగా ఉంటుంది. అర్జీలకు, ఒప్పందాలకు వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ లిబ్రే ఆఫీస్ రైటర్ చాలు. పెళ్లి పత్రికల లాంటి డిజైన్ పనికి మీకు అలవాటున్న పాత పద్ధతి కొన్నాళ్లు ఉంచుకోండి, అందులో తొందర లేదు. కానీ ఆఫీసుకు పోయే కాగితం ఏదైనా ఈ రోజు నుంచే యూనికోడ్‌లో చేయండి.

ఇదే మాట ప్రభుత్వానికీ చెప్పాలి. ఇప్పటికీ ఎన్నో ఉత్తర్వులు, ప్రకటనలు కాగితం మీద ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసిన బొమ్మగా సైట్లో పెడుతున్నారు. రైతు తన సర్వే నంబరు అందులో వెతుక్కోలేడు. చూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. పైసా ఖర్చు లేకుండా సరిచేయగల పని ఇది. ఏ పార్టీ ఎన్నికల వాగ్దానాల్లోనూ దీని ఊసే నాకు కనిపించకపోవడం కోపం తెప్పిస్తుంది.

అమెరికా వాళ్లు ఆపేస్తారన్న భయం సంగతి. అది పూర్తిగా పుకారు కాదు, దాని వెనక నిజంగా జరిగిన ఘటన ఉంది. 2025 జులైలో గుజరాత్ వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ లాంటి సేవలు ఆపేసింది. రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు అందులో వాటా ఉందని ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టింది, దాని ఫలితం అది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగి వచ్చాయి. డబ్బు కట్టి వాడుకుంటున్న మెయిల్ కూడా ఎక్కడో జరిగిన నిర్ణయంతో రాత్రికి రాత్రి ఆగిపోవచ్చని దేశమంతా చూసింది. ఆ తర్వాతే స్వదేశీ మాట గట్టిగా వినిపించింది. కేంద్ర ఉద్యోగుల ఈమెయిళ్లు మద్రాసు సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహోకు మారాయని, అమిత్ షా జోహో మెయిల్‌కు మారారని వార్తలొచ్చాయి. వాట్సాప్ లాంటి జోహో వాళ్ల అరట్టై యాప్‌ను జనం ఎగబడి దించుకున్నారు.

జోహో అంటే నాకు గౌరవం. మన రేణిగుంటలో కూడా వాళ్ల ఆఫీసు ఉంది, మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు దొరికితే సంతోషం. అయినా స్వదేశీ అన్న ఒక్క కారణంతో పని మొత్తం ఒకే కంపెనీ చేతిలో పెట్టమని చెప్పలేను. కంపెనీ మద్రాసుదైనా అమెరికాదైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే: రేపు నేను బయటికి రావాలంటే నా ఫైళ్లన్నీ నాతో తెచ్చుకోగలనా? ఎవరైనా చదవగలిగే బహిరంగ ఫార్మాట్‌లో ఉంటే తెచ్చుకోవచ్చు. మన కేంద్ర ప్రభుత్వమే 2010లో ఓపెన్ స్టాండర్డ్స్ మీద, 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద విధానాలు ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ మన దేశం కోసం బాస్ లినక్స్ తయారు చేసింది. స్వదేశీ అని మాట్లాడే నాయకులు ఈ విధానాలు జిల్లా ఆఫీసుల దాకా ఎందుకు రాలేదో ముందు జవాబు చెప్పాలి. మీ అంగడి వరకు అయితే ఒక పని చేయండి. మీకు ముఖ్యమైన ఫైళ్లన్నీ వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మెయిల్ ఎవరిదైనా ఫర్వాలేదు.

రాష్ట్ర రాజకీయాల్లోనూ నాకు కనిపించే తప్పు ఇదే, రెండు వైపులా. గత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు ఇచ్చింది. పేద పిల్లల చేతికి ట్యాబు రావడం మంచిదే, నేను హర్షించాను. కానీ పాఠం ఒక ప్రైవేటు కంపెనీది. ఆ కంపెనీ 2024లో దివాలా విచారణలోకి వెళ్లింది. అంత డబ్బు మన పాఠ్యపుస్తకాలనే మంచి డిజిటల్ రూపంలోకి తేవడానికి పెట్టి ఉంటే అవి ఎప్పటికీ మనవై ఉండేవి. ఇప్పటి ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ గవర్నెన్స్‌ను 161 సేవలతో మొదలుపెట్టింది. సర్టిఫికెట్ కోసం పనులు మానుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. అది మంచి పనని మనస్ఫూర్తిగా అంటాను. అయితే ప్రజలకూ ప్రభుత్వానికీ మధ్య తలుపు వాట్సాప్ యజమాని మెటా వాళ్ల యాప్ ఒక్కటే కాకూడదు. వాట్సాప్‌లో దొరికే ప్రతి సేవా అదే రుసుముతో, అంతే తొందరగా గ్రామ, వార్డు సచివాలయం కౌంటర్లోనూ, మామూలు వెబ్‌సైట్‌లోనూ దొరకాలి. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయాలను గత ప్రభుత్వం తెచ్చిందన్న కారణంతో నీరుగార్చకూడదు. 2011 నవంబరులో మీసేవ మొదలైంది మన చిత్తూరు జిల్లాలోనే. పాలకులు మారినా అది నిలబడింది కదా, మిగతావీ అలాగే నిలబడాలి.

విశాఖలో గూగుల్ ఏఐ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది కూడా 2025 అక్టోబరు 14నే, విండోస్ 10 మద్దతు ముగిసిన రోజున. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. రాష్ట్రానికి అంత పెట్టుబడి రావడం చిన్న విషయం కాదు. కానీ ప్రపంచమంతా ఇలాంటి సెంటర్లు కట్టే పోటీ వల్లే మీరు ర్యామ్ స్టిక్ కొనలేకపోతున్నారు. వాటికి కరెంటు ఎంత, నీళ్లు ఎంత, స్థానికులకు నిలిచే ఉద్యోగాలు ఎన్ని అని అడిగితే అభివృద్ధికి అడ్డం పడుతున్నారని అనకూడదు. అడగడం ఓటరు హక్కు.

కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలు, ఏసీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించింది. కంప్యూటర్ మీద 18 అలాగే ఉంది. చదువుకునే పిల్లవాడి ల్యాప్‌టాప్‌కూ, పెద్దింటి ఏసీకీ ఒకే పన్ను వేయడం సరికాదని నా అభిప్రాయం. శ్రీసిటీలో ఫోన్లు, తిరుపతి దగ్గర టీవీలు, డిస్‌ప్లే ప్యానెళ్లు తయారవుతున్నాయని మనం గర్వపడుతున్నాం, పడాలి కూడా. అదే తిరుపతిలో టీవీ ప్యానెల్ పోతే రిపేరుకు విడి ప్యానెల్ దొరకదు, కొత్త టీవీ కొనమంటారు. రైట్ టు రిపేర్ (కొన్న వస్తువు రిపేరు చేయించుకునే హక్కు) అని కేంద్రం 2022లో పోర్టల్ పెట్టింది. విడిభాగాలు అమ్మి తీరాలని చట్టం వస్తే తప్ప మాలాంటి రిపేరు వాళ్లకు, మీలాంటి కొనుగోలుదారులకు ఉపయోగం లేదు.

ఇక మీ అంగట్లో వెంటనే మార్చాల్సినది ఒకటి ఉంది. కస్టమర్ ఆధార్ పీడీఎఫ్ మీ వాట్సాప్‌కు పంపుతాడు, మీరు వాట్సాప్ వెబ్‌లో తెరిచి ప్రింటు తీస్తారు. ఆ ఫైలు మీ ఫోన్లో ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఇంకో కాపీ ఉంటుంది. ఇలా మీ డౌన్‌లోడ్స్‌లో ఇప్పుడు ఊళ్లో సగం మంది ఆధార్‌లు ఉండొచ్చు. ఇంటర్నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించితే కాపీలన్నీ పూర్తిగా తుడిచేయండి అని 2022 మేలో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. గగ్గోలు రేగడంతో రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనదే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. చట్టం భయం కంటే ముందు, మనల్ని నమ్మి వేలిముద్ర పెట్టిన మనిషికి మనం బాధ్యులం. రాత్రి అంగడి మూసే ముందు డౌన్‌లోడ్స్ ఖాళీ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి, ఆ రోజు వాట్సాప్ ఫైళ్లు తీసేయండి. అంగడి పనికి వేరే నంబరు, వేరే ఫోను పెట్టుకోండి. నంబరు మొత్తం అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు తీసి ఇవ్వండి. పని చేసి పెట్టేది మీరే కాబట్టి ఆ సంగతి కస్టమర్‌కు చెప్పాల్సింది కూడా మీరే.

వాట్సాప్ గవర్నెన్స్ వల్ల అంగడి మూతపడుతుందా అని అడిగారు. జిరాక్స్ మీదే బతికే అంగడికి కష్టమే, అది దాచను. కానీ 95523 00009కు హాయ్ అని పెట్టి, మెనూలో సరైన సేవ ఎంచుకుని, అడిగిన వివరం తప్పులేకుండా కొట్టగలిగేవాళ్లు ఊళ్లో ఎంతమంది? ముసలివాళ్లు, చదువు రానివాళ్లు, ఫోన్ మనవడి దగ్గర ఉండిపోయినవాళ్లు మీ దగ్గరికే వస్తారు. అంతకంటే పెద్ద పని పేర్లు సరిచేయడం. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. ఇలాంటి డబ్బు ఏదైనా ఖాతాలో పడాలంటే ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు పేర్లు కలవాలి. మునెమ్మ అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒక ఈతో, ఇంకోచోట రెండు ఈలతో రాసి ఉంటారు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుని, ముందు ఏ ఆఫీసులో ఏది మార్చాలో వరస చెప్పి, దరఖాస్తు యూనికోడ్ తెలుగులో శుభ్రంగా టైపు చేసి ఇచ్చే అంగడికి పని తగ్గదు. వాట్సాప్ బాట్ ఆ వరస చెప్పలేదు. రేటు బోర్డు మీద రాసి పెట్టండి, రసీదు ఇవ్వండి.

మీ ప్రింటర్ మోడలు, వేలిముద్ర యంత్రం మోడలు, మదర్‌బోర్డు పేరు రాయండి. ర్యామ్ ఏ రకమో, మింట్‌లో ఏ డ్రైవర్ వేయాలో చూసి చెప్తాను. ఈలోగా కొత్త సిస్టమ్‌కు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.